మరబోటు ఇంజనులో సముద్రపు నీటి పంపు: విప్పడం, పరీక్షించడం, తిరిగి బిగించడం

విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం వంటి హార్బర్లలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం అమలులో ఉండే 61 రోజుల్లోనే బోట్లకు రంగులు, వలలకు మరమ్మతులు, ఇంజన్లకు ఓవర్‌హాలింగ్ జరుగుతాయి. ఈ పనులన్నిటి మధ్య, ఇంజనును చల్లబరిచేందుకు సముద్రం నుంచి నీరు లాగుతూ దాని పక్కన ఒద్దికగా కూర్చునే సముద్రపు నీటి పంపుకు దక్కే సమయం చాలా తక్కువ. మూత విప్పి, లోపల తిరుగుతూ నీటిని నెట్టే రెక్కల చక్రమైన పాత ఇంపెల్లర్‌ను తీసి, కొత్తది తోసి, మూత బిగించి పంపు సర్వీసు పూర్తయిందని చెప్పడం పరిపాటి అయింది. నా దృష్టిలో అది సగం పని కూడా కాదు. ఇంపెల్లర్ అరిగిపోవడానికే పెట్టిన భాగం. అది ఎందుకు అరిగిందో, దానితో పాటు ఇంకేమేమి అరిగాయో చూడకుండా కొత్తది వేస్తే, దాని ఆయుష్షు కూడా పాతదానంతే ఉంటుంది.

ఇక్కడ వివరించేది రబ్బరు రెక్కల ఇంపెల్లర్ ఉండే పంపు గురించి మాత్రమే. ట్రాలర్లలోనూ చిన్న, మధ్యతరహా పడవల్లోనూ ఎక్కువగా కనిపించేది ఇదే. పెద్ద నౌకల్లో వాడే సెంట్రిఫ్యుగల్ పంపుల నిర్వహణ వేరే విషయం. అలాగే బోటు అడుగున బయటివైపు అమర్చిన గొట్టాల్లో ఇంజను నీటినే తిప్పి చల్లబరిచే కీల్ కూలింగ్ ఉన్న బోట్లలో, ఎగ్జాస్ట్ కూడా నీరు కలపని పొడి రకమే అయితే, ఈ పంపు అవసరమే ఉండదు.

నీరు వెళ్లే దారి

పంపును ముట్టుకునే ముందు ఆ ఇంజనులో నీరు ఏ దారిన వెళుతోందో గొట్టం వెంట చెయ్యి పెట్టి చూసుకోవాలి. కొన్ని పాత ఇంజన్లలో సముద్రపు నీరే నేరుగా సిలిండర్ల చుట్టూ ఉన్న జాకెట్‌లోకి వెళ్లి బయటికి పోతుంది. జాకెట్‌లో ఉప్పు పేరుకోకుండా ఉండేందుకు అటువంటి ఇంజన్లను 60 డిగ్రీల సెల్సియస్ లోపలే నడుపుతారు. ఇప్పుడు ఎక్కువ ఇంజన్లలో కూలెంట్ కలిపిన మంచినీరు లోపల తిరుగుతూ ఉంటుంది, దాని వేడిని హీట్ ఎక్స్ఛేంజర్‌లోని సన్నని గొట్టాల్లో పారే సముద్రపు నీరు తీసుకుని బోటు పక్కనుంచి బయటికి పడిపోతుంది. లారీ ఇంజనును బోటుకు అనువుగా మార్చిన చోట రెండు పంపులు ఉంటాయి గనుక ఒకదాన్ని మరొకటిగా పొరబడకూడదు. లారీలో ఉన్నప్పటి వాటర్ పంపు మంచినీటిని తిప్పుతుంది, మనకు కావలసింది గన్‌మెటల్ లేదా బ్రాంజ్ బాడీతో, నాలుగు నుంచి ఆరు స్క్రూలతో బిగించిన గుండ్రని మూత ఉండే రెండో పంపు.

ఈ రెండో పంపు వరకు నీరు వచ్చే దారిలో బోటు అడుగున జాలీ, దాని వెనుక నీటిని ఆపడానికీ వదలడానికీ ఉండే కవాటమైన సీ కాక్, తర్వాత చెత్తను వడకట్టే స్ట్రైనర్ ఉంటాయి. పంపు దాటాక గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్, హీట్ ఎక్స్ఛేంజర్, కొన్ని ఇంజన్లలో టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ వస్తాయి. వీటి వరుస ఇంజనును బట్టి మారుతుంది. పంపు నుంచి బయలుదేరిన నీరు మొట్టమొదట దేనిలోకి వెళుతుందో గుర్తుపెట్టుకోవడం ముఖ్యం, ఎందుకంటే రెక్క విరిగితే ఆ ముక్క చిక్కుకునేది అక్కడే.

పంపు లోపలి గది పూర్తి గుండ్రంగా ఉండదు. ఒక పక్కన క్యామ్ అనే లోహపు ముక్క లోపలికి పొడుచుకుని వచ్చి ఉంటుంది. రెక్క ఆ క్యామ్ మీదికి వచ్చినప్పుడు వంగి, దాటగానే నిటారవుతుంది. నిటారైనప్పుడు రెండు రెక్కల మధ్య చోటు పెరిగి నీరు లోపలికి లాగబడుతుంది, మళ్లీ వంగినప్పుడు ఆ చోటు తగ్గి నీరు బయటికి నెట్టబడుతుంది. గొట్టంలో కొంత గాలి ఉన్నా ఈ పంపు తనంతట తానే నీటిని పైకి లాక్కోగలగడానికి కారణం ఇదే. అయితే రబ్బరుకూ లోహానికీ మధ్య కందెనగా పనిచేసేది ఆ నీరే. నీరు లేకుండా అర నిమిషానికి మించి తిప్పకూడదని తయారీదారులు సాధారణంగా హెచ్చరిస్తారు. సీ కాక్ తెరవడం మరిచి ఇంజను స్టార్టు చేసినవారికి ఆ అర నిమిషం ఎంత త్వరగా గడుస్తుందో తెలిసే ఉంటుంది.

ఏళ్ల లెక్క కాదు, గంటల లెక్క

ఇంపెల్లర్‌ను ఏడాదికి ఒకసారి మార్చాలనే మాట తరచుగా వినిపిస్తుంది. సెలవు రోజుల్లో షికారుకు తిప్పే పడవలకు అది సరిపోతుంది, ఎందుకంటే అవి ఏడాది మొత్తం మీద నడిచేది వంద రెండు వందల గంటలే. పది రోజుల వేటకు వెళ్లిన ట్రాలర్ ఇంజను రోజుకు ఇరవై గంటలు నడిచిందనుకుంటే, ఆ ఒక్క ట్రిప్పులోనే 200 గంటలు పూర్తవుతాయి. కనుక మన బోట్లకు క్యాలెండర్ లెక్క పనికిరాదు. ఇంజను మాన్యువల్‌లో గంటలు ఇచ్చి ఉంటే వాటినే పాటించాలి. లేని పక్షంలో సుమారు 300 గంటలకు ఒకసారి మూత విప్పి చూడాలనీ, రెక్కల మొదట్లో చిన్న పగులు కనిపించినా గంటలతో నిమిత్తం లేకుండా మార్చాలనీ నా సలహా. పని లేకుండా ఎక్కువ కాలం ఆగిపోయిన బోటుకు మాత్రం గంటలు తక్కువైనా ఇంపెల్లర్ మార్చడమే మంచిది, ఎందుకంటే ఒకే స్థితిలో వంగి ఉండిపోయిన రెక్కలు మళ్లీ పూర్తిగా నిటారు కావు.

నీటి గుణాన్ని బట్టి కూడా ఈ గడువును తగ్గించుకోవాలి. వరదల కాలంలో గోదావరి, కృష్ణా నదుల ముఖద్వారాల దగ్గర సముద్రం ఎర్రగా బురదతో నిండి ఉంటుంది. భైరవపాలెం వైపు నుంచి రాకపోకలు సాగించే బోటు, సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో అడుగు దాదాపు నేలకు తగిలేంత లోతులేని చోట నడిచే బోటు, నీటితో పాటు సన్నని ఇసుకను కూడా పంపులోకి పంపుతాయి. స్ట్రైనర్ జాలీ గుల్లలనూ ఆకులనూ పాలిథిన్ ముక్కలనూ ఆపగలదు గానీ ఇసుకను ఆపలేదు. పైగా మన వైపు వేసవిలో సముద్రపు నీటి ఉష్ణోగ్రతే 30 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. చల్లని దేశాల సముద్రాల్లో పంపు సగం నీరే ఇచ్చినా కొంతకాలం నెట్టుకురావచ్చు, బంగాళాఖాతంలో అంత వెసులుబాటు లేదు.

విప్పే ముందు

పంపు చాలా బోట్లలో నీటిమట్టం కంటే కిందే ఉంటుంది. సీ కాక్ మూయకుండా మూత విప్పితే సముద్రం నేరుగా ఇంజను గదిలోకి వస్తుంది. కాబట్టి ముందుగా ఇంజను ఆపి, బ్యాటరీ స్విచ్ తీసి, సీ కాక్ మూసి, ఇంజను తాళంచెవిని ఆ సీ కాక్ పిడికే తగిలించాలి. అప్పుడు సీ కాక్ దగ్గరికి వెళ్లకుండా ఎవరూ ఇంజను స్టార్టు చేయలేరు. సీ కాక్ పిడి తుప్పు పట్టి తిరగకపోతే, బోటు నీటిలో ఉండగా పంపు జోలికి పోకూడదు, బోటును ఒడ్డుకు లాగినప్పుడు ముందుగా చేయవలసిన పని ఆ సీ కాక్ మార్చడమే. ప్రతి సీ కాక్ పక్కనా ఆ రంధ్రానికి సరిపోయే మెత్తని చెక్క బిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచడం ఎప్పటికైనా అక్కరకు వచ్చే అలవాటు.

పంపు కింద డబ్బా పెట్టి, దగ్గరలో స్టార్టర్ మోటారు గానీ ఆల్టర్నేటర్ గానీ ఉంటే వాటిపై పాలిథిన్ కప్పాలి. మూత స్క్రూలు ఇత్తడివైతే తల తేలికగా చెడిపోతుంది, స్క్రూ లోపలే తెగే ప్రమాదమూ ఉంది. తల మీది గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ వాడి, ఉప్పు పట్టి బిగుసుకున్నవాటికి తుప్పు వదిలించే నూనె వేసి కొంతసేపు ఆగి, కొద్దికొద్దిగా అటూఇటూ తిప్పుతూ వదులు చేయాలి. స్క్రూలన్నీ వచ్చాక కూడా మూత అంటుకుని ఉంటే ఉలి దూర్చి లేపకూడదు. ఉలి చేసిన గాటు గుండా తర్వాత గాలి లోపలికి వస్తుంది. చెక్క ముక్క ఆనించి పక్కనుంచి మెల్లగా తడితే చాలు. మూత తీసిన వెంటనే సెల్‌ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటే, రెక్కలు ఎటు వంగి ఉన్నాయో బిగించేటప్పుడు అనుమానం రాదు.

ఇంపెల్లర్‌ను బయటికి లాగడానికి పుల్లర్ ఉంటే అదే ఉత్తమం. కొన్ని ఇంపెల్లర్ల మధ్యభాగంలో మర ఉంటుంది, అందులో తగిన బోల్టు బిగిస్తూ పోతే అది తానే బయటికి వస్తుంది. ఏదీ లేనప్పుడు ముక్కు పట్టకారుతో మధ్యలోని లోహపు భాగాన్ని పట్టుకుని లాగాలి. రెండు స్క్రూడ్రైవర్లతో ఎదురెదురుగా పైకెత్తడం అందరూ చేసే పనే అయినా, బాడీ అంచు మీద గుడ్డ గానీ పలుచని రేకు గానీ వేయకుండా చేయకూడదు. షాఫ్ట్ మీద ఇంపెల్లర్‌ను జారకుండా పట్టి ఉంచే కీ ఉండే రకమైతే ఇంపెల్లర్ వచ్చేటప్పుడు ఆ చిన్న ముక్క జారి బోటు అడుగున నీటిలో పడిపోవడం సర్వసాధారణం, ముందే కింద ఒక గుడ్డ పరచుకోవాలి.

పాత ఇంపెల్లర్‌ను పరిశీలించడం

బయటికి వచ్చిన ఇంపెల్లర్‌ను చెత్తలో వేయకుండా కడిగి, వెలుతురులో పెట్టి చూడాలి. ఈ పని మొత్తంలో ఎక్కువ సమయం వెచ్చించదగినది ఇక్కడే.

ఒక్కో రెక్కను వేలితో వెనక్కి వంచి మొదలు చూడాలి. అక్కడ వెంట్రుకంత పగులు ఉంటే రబ్బరు వంగి వంగి అలసిపోయిందని అర్థం, ఇది వయసు వల్ల సహజంగా వచ్చేదే. రెక్కల కొసలు నున్నగా చదునైపోయి, మొదళ్లు మాత్రం బాగుంటే ఇసుక పని చేసిందనుకోవాలి. ఇంపెల్లర్ రెండు ముఖాలు, అంటే మూత వైపూ వెనుక పలక వైపూ ఉండే అంచులు, మెరుస్తూ గట్టిపడి కాలిన వాసన వేస్తుంటే అది నీరు లేకుండా తిరిగింది. సీ కాక్ మూసి ఉండగా స్టార్టు చేయడమో, హార్బరులో పాలిథిన్ సంచి జాలీకి అతుక్కోవడమో, పెద్ద కెరటాల్లో బోటు ఒరిగినప్పుడు జాలీ నీటిపైకి రావడమో దీనికి కారణం కావచ్చు. అలా కాలిన ఇంపెల్లర్ మరికొన్ని గంటలు పనిచేసినట్టే కనిపిస్తుంది గానీ దాన్ని తిరిగి వేయకూడదు.

రెక్కల కొసల నుంచి చిన్న చిన్న ముక్కలు కొరికి తీసినట్టు ఊడిపోయి ఉంటే, పంపుకు కావలసినంత నీరు అందడం లేదని గ్రహించాలి. నీరు తక్కువైనప్పుడు లాగే వైపు పీడనం పడిపోయి, నీటిలో ఆవిరి బుడగలు పుట్టి, అవి పేలుతూ రబ్బరును తినేస్తాయి. అప్పుడు తప్పు ఇంపెల్లర్‌ది కాదు. జాలీకి పట్టిన గుల్లలు, నిండిన స్ట్రైనర్, సగమే తెరుచుకుంటున్న సీ కాక్, లోపలి పొర ఊడి ముడుచుకుపోతున్న హోస్ పైపు, వీటిలో ఏదో ఒకటి కారణం. లాగే వైపు హోస్ లోపల తీగ చుట్టు ఉన్న రకమే వాడాలి. మామూలు తోట పైపు ఇంజను వేగం పెరిగినప్పుడు చప్పిడై నీటిని ఆపేస్తుంది, వేగం తగ్గించి వెతికేసరికి మళ్లీ గుండ్రంగా కనిపిస్తుంది.

రబ్బరు ఉబ్బి, మెత్తగా, జిగటగా మారితే దానికి డీజిల్ గానీ ఆయిల్ గానీ తగిలింది. ఈ ఇంపెల్లర్లు ఎక్కువగా నియోప్రీన్‌తో చేసినవి, నూనెలను తట్టుకోలేవు. ఇంజను గది అడుగున చేరిన మురికినీటిని తోడటానికి ఇదే పంపును వాడేలా అదనపు గొట్టం పెట్టిన బోట్లలో ఇది తరచుగా కనిపిస్తుంది.

అన్నిటికంటే మోసకరమైన లోపం పైకి కనిపించదు. ఇంపెల్లర్ మధ్యలో ఇత్తడి గానీ వేరే లోహం గానీ చేసిన బొడ్డుకు రబ్బరును అంటించి ఉంటారు. ఆ అతుకు వదిలితే షాఫ్ట్, బొడ్డు తిరుగుతూనే ఉంటాయి, రబ్బరు మాత్రం జారుతుంది. రెక్కలన్నీ చక్కగా ఉంటాయి, నీరు మాత్రం రాదు. తక్కువ వేగంలో కొద్దిగా వచ్చి, వేగం పెంచగానే ఆగిపోవడం దీని లక్షణం. బొడ్డును ఒక చేత్తో పట్టకారుతో పట్టుకుని, రబ్బరును మరో చేత్తో గట్టిగా మెలిపెట్టి చూస్తే ఈ లోపం బయటపడుతుంది. తక్కువ ధరకు దొరికే నకలు ఇంపెల్లర్లలో ఈ అతుకే బలహీనంగా ఉంటుందని నా అభిప్రాయం. వేటకు వెళ్లిన బోటు మధ్యలో వెనక్కి తిరిగితే అయ్యే డీజిల్ ఖర్చు ముందు ఇంపెల్లర్ ధరలో మిగిలే సొమ్ము లెక్కలోకి రాదు.

ఊడిన రెక్క ఎక్కడుంది?

రెక్క గానీ ముక్క గానీ లేకపోతే, అది దొరికే వరకు పని పూర్తి కానట్టే. దొరికిన ముక్కలను బల్ల మీద పేర్చి, పూర్తి ఇంపెల్లర్ అయ్యేలా కుదిరిందో లేదో చూడాలి. ముందుగా పంపు నుంచి బయటికి వెళ్లే హోస్‌ను, మలుపులను, ఆ తర్వాత గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ ముఖాన్ని, హీట్ ఎక్స్ఛేంజర్ మూతను విప్పి వెతకాలి. ఇంజను ఆగినప్పుడు నీరు వెనక్కి జారుతూ ముక్కలను లాగే వైపు గొట్టంలోకి కూడా తీసుకుపోగలదు గనుక ఆ వైపునూ వదలకూడదు. ఒక్క ముక్క నాలుగైదు సన్నని గొట్టాలను మూసేస్తే ఉష్ణోగ్రత వెంటనే ప్రమాద స్థాయికి చేరదు. మామూలు కంటే ఐదారు డిగ్రీలు ఎక్కువగా నిలబడి, పూర్తి లోడు మీద వల లాగేటప్పుడు మాత్రమే ముల్లు ఎర్రగీత వైపు జరుగుతుంది. కొత్త ఇంపెల్లర్ వేసినా ఇంజను వేడెక్కుతోందనే ఫిర్యాదుల వెనుక చాలాసార్లు ఉండేది ఈ పాత ముక్కే.

హీట్ ఎక్స్ఛేంజర్ మూత విప్పినప్పుడే మిగతా లోహం తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే జింక్ కడ్డీని కూడా అందులో చూడాలి. సగానికి పైగా కరిగిపోతే మార్చాలి, ఎందుకంటే మిగిలిన సగం విరిగిపడి గొట్టాల ముఖాన అడ్డుపడుతుంది.

బాడీ, క్యామ్, మూత

ఇంపెల్లర్ ముఖాలకూ మూతకూ మధ్య సందు ఎంత తక్కువగా ఉంటే పంపు అంత బలంగా లాగుతుంది. ఆ సందు పెరిగితే నెట్టిన నీరు మళ్లీ లాగే వైపుకే జారిపోతుంది. కాబట్టి మూత లోపలి ముఖాన వేలిగోరు నడిపి చూడాలి. గోరు గాడిలో చిక్కుకుంటే ఆ మూత అరిగినట్టు లెక్క. రెండో ముఖం నున్నగా ఉంటే మూతను తిప్పి వేసుకోవచ్చు. లేదంటే మందపాటి చదునైన అద్దం మీద 400 నంబరు నీటి ఎమరీ కాగితం పరిచి, నీరు పోస్తూ, మూతను ఎనిమిది అంకె ఆకారంలో రుద్దితే తేలికపాటి గాళ్లు పోతాయి. లోతైన గాడి ఉంటే కొత్త మూత కొనడమే మేలు. బాడీ వెనుక వైపు విడిగా తీయగలిగే పలక ఉన్న పంపుల్లో దాన్ని కూడా ఇలాగే చూడాలి. క్యామ్ అంచు మధ్యలో పల్లం పడిందేమో, దాన్ని పట్టి ఉంచే స్క్రూ దగ్గర నీరు కారుతున్న ఆనవాలు ఉందేమో గమనించాలి. క్యామ్ తీసి పెట్టేటప్పుడు వెనుక భాగంలోనూ స్క్రూ మర మీదా కొద్దిగా సీలెంట్ పూయాలి.

మూతకూ బాడీకీ మధ్య నీరు కారకుండా వేసే గాస్కెట్ విషయంలో హార్బరులో జరిగే పొరపాటు ఒకటి ఉంది. అసలు గాస్కెట్ పలుచని కాగితం, చాలా పంపుల్లో పావు మిల్లీమీటరుకు దగ్గరగా ఉంటుంది. అది దొరకనప్పుడు చేతికందిన మందపాటి షీటు కత్తిరించి వేస్తే నీరు బయటికి కారదు గానీ, మూత దూరమై పంపు లాగే శక్తి తగ్గుతుంది. గాస్కెట్ బదులు సిలికాన్ పేస్టు దట్టంగా పూస్తే, లోపలికి పొంగిన పేస్టు ఊడి హీట్ ఎక్స్ఛేంజర్‌కు చేరుతుంది. పాత గాస్కెట్ అవశేషాలను గీకడానికి ఇనుప బ్లేడు కాక ప్లాస్టిక్ గానీ గట్టి చెక్క గానీ వాడాలి. మూతలో ఓ-రింగు ఉండే పంపులకు కాగితం అసలు వేయకూడదు.

సీళ్లు, బేరింగులు

పంపు బాడీ అడుగున, నీటి గదికీ బేరింగులకూ మధ్య, ఒక చిన్న రంధ్రం ఉంటుంది. మెకానిక్కులు దీన్ని వీప్ హోల్ అంటారు. షాఫ్టు వెంట నీరు కారకుండా ఆపే నీటి సీలు చెడినప్పుడు ఆ నీరు బేరింగులోకి పోకుండా ఈ రంధ్రం గుండా బయటికి పోవాలని దీన్ని పెట్టారు. ఇక్కడ ఉప్పు గడ్డకట్టి కనిపించినా, నీటి చుక్కలు పడుతున్నా నీటి సీలు మార్చాలి. గేరుతో తిరిగే పంపుల్లో ఇక్కడ ఆయిల్ కనిపిస్తే ఆయిల్ సీలు పోయినట్టు. కారుతోందని ఈ రంధ్రానికి ఎమ్-సీల్ పెట్టి మూసేయడం కంటే ప్రమాదకరమైన మరమ్మతు ఇంకొకటి లేదు. దారి మూసుకుపోయిన ఉప్పునీరు బెల్టు పంపులో బేరింగులను తినేస్తుంది, గేరు పంపులో ఆయిల్ సీలు దాటి నేరుగా ఇంజను అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి వెళుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో కనిపిస్తే ఆ ఇంజనును ఇక ఒక్క నిమిషం కూడా నడపకుండా, కారణం సరిచేసి, ఆయిల్‌నూ ఫిల్టర్‌నూ మార్చాలి.

సీళ్లు మార్చాలంటే పంపును ఇంజను నుంచి విప్పి బల్ల మీద పెట్టుకోవాలి. ఎక్కువ పంపుల్లో వరుస ఒకటే: ఇంపెల్లర్, క్యామ్, వెనుక పలక తీసి, పుల్లీ లేదా గేరు విప్పి, బేరింగును పట్టి ఉంచే రింగు అయిన సర్‌క్లిప్ తీశాక, షాఫ్టును ఇంపెల్లర్ వైపు నుంచి పుల్లీ వైపుకు నెడితే బేరింగులతో సహా బయటికి వస్తుంది. సుత్తితో షాఫ్టు కొసను నేరుగా కొట్టకుండా, రాగి లేదా ఇత్తడి కడ్డీ ఆనించాలి. ప్రెస్ అందుబాటులో ఉంటే ఇంకా మంచిది.

షాఫ్టు బయటికి వచ్చాక సీలు కూర్చునే చోట గోరు నడిపి చూడాలి. అక్కడ గాడి పడి ఉంటే ఎన్ని కొత్త సీళ్లు వేసినా కొద్ది రోజుల్లోనే కారడం మొదలవుతుంది. ఎమరీ పట్టీతో రుద్దడం వల్ల గాడి పోదు, షాఫ్టు మార్చాలి. బేరింగులను వేలితో తిప్పితే గరగరమనకూడదు, అడ్డంగా కదిపితే ఆట, అంటే వదులు, ఉండకూడదు. షాఫ్టు విప్పిన తర్వాత బేరింగు బాగున్నట్టు అనిపించినా నేను కొత్తవే వేయమని చెబుతాను, ఎందుకంటే మళ్లీ అంత లోపలికి వెళ్లవలసి వస్తే పోయేది బేరింగు ఖరీదు కాదు, వేట రోజు. షాఫ్టు మీదికి బేరింగు ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదా, బాడీలోకి దించేటప్పుడు బయటి రింగు మీదా మాత్రమే ఒత్తిడి పడాలి.

పెదవి రకం సీలులో స్ప్రింగు కనిపించే ముఖం ఏ ద్రవాన్ని ఆపాలో ఆ ద్రవం వైపు ఉండాలి: నీటి సీలుకు నీటి వైపు, ఆయిల్ సీలుకు ఆయిల్ వైపు. సిరామిక్, కార్బన్ ముఖాలు ఒకదానిపై ఒకటి తిరిగే రకం సీలైతే ఆ ముఖాలను వేళ్లతో తాకకూడదు, నూనె మరక పడనివ్వకూడదు. రెండు సీళ్ల మధ్య షాఫ్టు మీద ఉండే చిన్న రబ్బరు రింగును మరవకూడదు. షాఫ్టు వెంట పాకివచ్చే చుక్కలను విసిరి వీప్ హోల్ వైపు పంపేది అదే.

తిరిగి బిగించడం

కొత్త ఇంపెల్లర్‌ను పాతదాని పక్కన పెట్టి వ్యాసం, వెడల్పు, రెక్కల సంఖ్య, షాఫ్టు రంధ్రం ఆకారం పోల్చాలి. పెట్టె మీద ఉన్న పేరు కంటే ఈ కొలతలే నమ్మదగినవి. లోపలి గోడలకూ రెక్కలకూ గ్లిజరిన్ గానీ గిన్నెలు కడిగే ద్రవసబ్బు గానీ పూయాలి. గ్రీజు, ఇంజను ఆయిల్ పూయకూడదు, కారణం పైన చెప్పిందే. పంపు షాఫ్టు తిరిగే దిక్కును బట్టి రెక్కల కొసలు వెనక్కి వంగి ఉండేలా, అదే దిక్కుకు మెలిపెడుతూ లోపలికి నొక్కాలి. రెక్కలు ఎక్కువగా ఉన్న పెద్ద ఇంపెల్లర్‌కు చుట్టూ ప్లాస్టిక్ టై బిగించి రెక్కలను మడిచి, లోపలికి దిగుతున్న కొద్దీ టైను వెనక్కి జార్చి తీసేయవచ్చు. కీ గాడి కుదరకపోతే సుత్తితో కొట్టకుండా షాఫ్టును కొద్దిగా తిప్పి సరిచూడాలి. మూత స్క్రూలను ఎదురెదురు జతలుగా, రెండు మూడు దఫాల్లో బిగించాలి. మూత లోపల సబ్బు పూత ఉంటే మొదటి కొన్ని సెకన్లు రబ్బరు పొడిగా రాసుకోకుండా ఉంటుంది.

బెల్టు పంపులో పుల్లీలు రెండూ ఒకే తలంలో ఉన్నాయో లేదో ఇనుప స్కేలు ఆనించి చూడాలి. బెల్టు మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు పది పన్నెండు మిల్లీమీటర్లు దిగాలి. జారుతుందన్న భయంతో మరీ బిగిస్తే ఆ భారమంతా ముందు బేరింగు మీద పడుతుంది. నీటిమట్టం కింద ఉండే ప్రతి హోస్ కొసకూ స్టెయిన్‌లెస్ క్లిప్పులు రెండేసి వేయడం మంచిది.

స్టార్టు చేసి కొలవడం

స్ట్రైనర్‌ను మంచినీటితో నింపి, మూత రబ్బరు శుభ్రం చేసి బిగించి, సీ కాక్ తెరిచి, తాళంచెవి తీసుకుని ఇంజనును తక్కువ వేగంలో నడపాలి. బోటు పక్కన నీటి ధార అర నిమిషంలోపు రాకపోతే వెంటనే ఆపాలి. ధార మధ్యమధ్య తెగుతూ, బుడగలతో వస్తే లాగే వైపు ఎక్కడో గాలి దూరుతోంది. ఇంజను నడుస్తుండగా ఆ వైపు అతుకుల్లో నీరు బయటికి కారదు గనుక కంటికి కనిపించదు. ఒక్కో అతుకు మీద చిక్కని సబ్బు నురగ పెట్టి చూస్తే, లోపం ఉన్న చోట నురగ లోపలికి పీల్చబడుతుంది. స్ట్రైనర్ మూతను ముందుగా అనుమానించాలి.

అన్నీ కొత్తగా ఉన్న ఈ సమయంలోనే ఒక కొలత తీసుకోవాలి. ఇంజనును ఒక నిర్ణీత వేగంలో, ఉదాహరణకు 1000 ఆర్‌పీఎం వద్ద ఉంచి, బయటికి పడే నీటిని 20 లీటర్ల బకెట్‌లో పట్టి అది నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఇంజను పుస్తకంలో తేదీతో, గంటలతో రాసుకోవాలి. తర్వాత ఎప్పుడు అనుమానం వచ్చినా అదే వేగంలో అదే బకెట్‌తో కొలిస్తే, పంపు బలం తగ్గిందో లేదో ఊహతో పని లేకుండా తెలుస్తుంది. ధార అంతే ఉండి ఇంజను మాత్రం వేడెక్కుతుంటే పంపును వదిలి థర్మోస్టాట్‌ను, హీట్ ఎక్స్ఛేంజర్‌ను, మంచినీటి వైపును చూడాలి. ఎగ్జాస్ట్‌లో నీరు కలిసే రకం బోట్లలో ధారను పట్టి కొలవడం కష్టం, అక్కడ ఎగ్జాస్ట్ చప్పుడు పొడిగా మారడం, ఆవిరి ఎక్కువగా రావడం గమనించాలి.

నిషేధ కాలంలో

బోటును ఒడ్డుకు లాగే ముందు చివరిసారి లాగే గొట్టాన్ని మంచినీటి డ్రమ్ములో ముంచి ఇంజనును కొద్దిసేపు నడిపితే పంపులోనూ గొట్టాల్లోనూ ఉప్పు మిగలదు. కుళాయి పైపును నేరుగా పంపు గొట్టానికి బిగించి, ఇంజను ఆగి ఉండగా నీరు వదలడం మాత్రం ఎప్పుడూ చేయరాదు. నీరు కలిసే ఎగ్జాస్ట్ ఉన్న ఇంజనులో ఆ నీరు ఎగ్జాస్ట్ గొట్టం నిండి సిలిండర్లలోకి చేరగలదు. అదే కారణంగా, స్టార్టు కాని ఇంజనును పదేపదే సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా సీ కాక్ మూసి ఉంచి, ఇంజను అందుకోగానే తెరవాలి.

రెండు నెలలు నిలిచే బోటులో ఇంపెల్లర్‌ను తీసి, కడిగి, ఆరబెట్టి, ఎండ తగలని చోట రెక్కలు వంగకుండా ఉంచాలి. డీజిల్ డబ్బాల పక్కనా, బ్యాటరీల దగ్గరా పెట్టకూడదు. దాన్ని తీసిన సంగతిని ఒక అట్టముక్క మీద రాసి స్టార్టర్ స్విచ్‌కు కట్టాలి, లేకపోతే జూన్‌లో బోటును నీటిలోకి దించిన రోజున సరంగుకు ఆ సంగతి ఎవరూ చెప్పరు.

వేటకు వెళ్లేటప్పుడు బోటులో రెండు ఇంపెల్లర్లు, నాలుగు గాస్కెట్లు, ఒక సీలు కిట్, అదనపు కీ, నాలుగైదు మూత స్క్రూలు, ఒక బెల్టు, వీటికి సరిపోయే పనిముట్లు నీరు చొరని ఒకే డబ్బాలో ఉండాలి. సీళ్లు మార్చిన పంపుతో వెళ్లిన మొదటి ట్రిప్పులో, పది గంటలు నడిచాక ఇంజను ఆపి బెల్టు బిగువును మళ్లీ చూసి, వీప్ హోల్ కింద పొడి గుడ్డ ఉంచాలి. మరుసటి ఉదయానికి ఆ గుడ్డ తడిగా ఉంటే, ఒడ్డుకు వచ్చిన వెంటనే పంపును మళ్లీ బల్ల మీదికి తేవాలి.